పిల్లల హోమ్‌కి ప్రెసిడెంట్‌గా ఉండమంటున్నారా? ఒప్పుకునే ముందు, ఒప్పుకున్నాక చేయాల్సిన పనులు

ఊళ్లో కాస్త మంచిపేరు తెచ్చుకుని రిటైరైన వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పిలుపు తప్పదు. "సార్, మన పిల్లల హోమ్‌కి మీరు ప్రెసిడెంట్‌గా ఉండాలి. పనేమీ ఉండదు. మీ పేరుంటే చాలు." శాలువా కప్పుతారు, సంతకం తీసుకుంటారు. నెల తిరిగేసరికి నోటీసు వచ్చిందనో, బ్యాంకువాళ్లు కాగితాలు అడుగుతున్నారనో, వార్డెన్ మీద ఏదో మాట వినపడిందనో ఆయనకు ఫోన్ వస్తుంది. ఆయన నాకు ఫోన్ చేస్తారు. "ఇప్పుడేం చేయాలండీ?"

ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ, ఇక రాసిపెడదామని కూర్చున్నాను. నేను బ్యాంకులో పనిచేశాను. బయటికొచ్చాక తొమ్మిదేళ్లు ఒక సొసైటీకి గౌరవ కార్యదర్శిగా, ఆపైన మూడేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాను. లాయర్ని కాను. చట్టం సంగతులు పనికి కావలసినంత వరకే చెబుతాను.

ముందే ఒక మాట. 'గౌరవ' అన్నది జీతం గురించి మాత్రమే. సంస్థకు బాధ్యులెవరని పోలీసులు అడిగిన రోజున ఆ మాట మిమ్మల్ని కాపాడదు. పేరు మాత్రం ఇచ్చి ఊరుకుందామనుకుంటే ఇక్కడితో ఆగి, "క్షమించండి, నావల్ల కాదు" అని చెప్పేయండి. అది కూడా సాయమే.

దగ్గర పెట్టుకోవలసినవి

- నెలకు కనీసం నాలుగు పూటల టైము. మీటింగు ఒక పూట, లెక్కలు ఒక పూట, హోమ్‌లో రెండు పూటలు.
- మీ సొంత నోటుబుక్కు. తేదీ వేసి, ఎవరితో ఏం మాట్లాడారో రెండు లైన్లు రాసుకోవడానికి. సంస్థ రికార్డులు పోవచ్చు, ఇది మీ ఇంట్లో ఉంటుంది. ఇందులో పిల్లల పేర్లు మాత్రం రాయకండి, కేసు నంబరు చాలు.
- మీ తరఫున ఒకసారి కాగితాలు చూసిపెట్టే ఆడిటర్. సంస్థకు ఏటా ఆడిట్ చేసే ఆయన కాకుండా వేరే మనిషి అయితే మంచిది.
- ఫోన్ నంబర్లు: 1098 (పిల్లల హెల్ప్‌లైన్), 112 (పోలీసు, అత్యవసర సాయం), జిల్లా బాలల పరిరక్షణ అధికారి, అదే డీసీపీఓ, బాలల సంక్షేమ కమిటీ, అదే సీడబ్ల్యూసీ, దగ్గరి పోలీస్ స్టేషన్. మీ ఫోన్‌లో ఉంటే చాలదు. హోమ్ గోడ మీద, పిల్లల కళ్లకు ఆనే ఎత్తులో ఉండాలి.

1. పది రోజులు గడువు అడగండి, ఆ లోపు కాగితాలు తెప్పించుకోండి

"రేపే జీబీ మీటింగు సార్" అని తొందరపెడతారు (జీబీ అంటే జనరల్ బాడీ, సభ్యులందరి సమావేశం). తొందరపడకండి. ఈ కింది వాటి జెరాక్సులు అడగండి: సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్, బైలాస్ లేదా ట్రస్టు డీడు, బాలల న్యాయ చట్టం కింద హోమ్ రిజిస్ట్రేషన్, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఆదాయపు పన్ను మినహాయింపు కాగితాలు (మనవాళ్లు ఇప్పటికీ 12ఏ, 80జీ అనే పిలుస్తారు), విదేశీ డబ్బు తీసుకుంటుంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్, మినిట్స్ పుస్తకం.

వీటిలో రెండోసారి చూడాల్సింది హోమ్ రిజిస్ట్రేషన్. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది కదా అని చాలామంది ఊరుకుంటారు. అది వేరు, ఇది వేరు. పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద విడిగా రిజిస్టర్ కావాలి. దాని గడువు 5 ఏళ్లు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే బాధ్యులకు ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తులో జరిగే ప్రతి 30 రోజుల ఆలస్యాన్నీ వేరే నేరంగా లెక్కేస్తారు.

"రెన్యూవల్‌కి పెట్టాం సార్, వచ్చేస్తుంది" అంటారు. పెట్టిన తేదీ, ముద్ర పడిన రసీదు చూపించమనండి. రసీదు లేదంటే పెట్టలేదనే అనుకోండి.

కాగితాలు ఇవ్వడానికి నసిగితే అక్కడే మీకు జవాబు దొరికినట్టు. ఇవ్వలేకపోవడం వేరు, ఇష్టం లేకపోవడం వేరు. చిన్న సంస్థల్లో ఫైళ్లు చిందరవందరగా ఉండటం మామూలే. బీరువా తెరిచి "ఇదిగో సార్, మీరే చూసుకోండి" అనే వాళ్లయితే కూర్చుని సర్దవచ్చు.

2. చెప్పకుండా ఒకపూట భోజనం వేళకు వెళ్లండి

చెప్పి వెళ్తే స్వాగత గీతం పాడిస్తారు. చెప్పకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లి, పిల్లల వరసలో కూర్చుని, వాళ్ల కంచం లాంటి కంచంలోనే తినండి. మీకు స్టీలు గ్లాసు, పెరుగు గిన్నె విడిగా తెస్తే వద్దనండి. పప్పు బకెట్టులో గరిటె అడుగుదాకా దించి చూడండి. పప్పు తగులుతోందా, పసుపు నీళ్లేనా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

తిన్నాక ఒక చుట్టు తిరగండి. నేను చూసేవి ఇవి.

బాత్‌రూమ్ తలుపులకు లోపల గడియ ఉందా? ఇదే మొదటిది. చాలా హోమ్‌లలో గడియలు ఊడిపోయి ఉంటాయి, "పిల్లలు విరగ్గొట్టేశారు సార్" అంటారు. గడియ రేటెంతో మీకు తెలుసు. అది వేయించడానికి ఎన్ని నెలలు పట్టిందో అడగండి.

రిజిస్టర్లో 34 మంది అని ఉంటే టూత్‌బ్రష్‌లు లెక్కపెట్టండి. 21 ఉన్నాయనుకోండి, మిగతా పదముగ్గురు పళ్లు తోముకోవడం లేదా, అసలు లేరా? మనుషుల్ని లెక్కపెడితే "బడికెళ్లారు, ఊరెళ్లారు" అంటారు. బ్రష్‌లు ఊరెళ్లవు.

పడుకునే గదిలో ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది ఉండాలన్నది బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల లెక్క. టేపు అక్కర్లేదు, చాపకూ చాపకూ మధ్య మీరు అడుగు వేసి నడవగలరేమో చూడండి.

తాళం వేసి ఉన్న గది ఏదైనా ఉంటే తెరిపించండి. నూటికి తొంభైసార్లు పాత పరుపులే ఉంటాయి. అయినా తెరిపించండి.

హెచ్చరిక: ఈ తిరుగుడులో పిల్లల్ని పక్కకు పిలిచి "నిన్నెవరైనా కొడుతున్నారా?" అని అడగొద్దు. మీరెవరో వాళ్లకు తెలియదు. మీరు వెళ్లాక ఆ రాత్రి వాళ్లు అక్కడే ఉండాలి.

3. మొదటి మీటింగులోనే మూడు తీర్మానాలు రాయించండి

ఒకటి, చెక్కుల మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. రెండు, రెండు నెలలకోసారి కార్యవర్గం కూర్చోవాలి, ప్రతి ఎజెండాలో మొదటి అంశం పిల్లల భద్రత. డబ్బు సంగతి ఆ తర్వాతే. మూడు, ఫిర్యాదు వస్తే ఎవరు ఎవరికి చెప్పాలో రాసిన ఒక పేజీ. ఇరవై పేజీల పాలసీ డాక్యుమెంటు కాదు, అది బీరువాలోకి పోతుంది. ఒక పేజీ, తెలుగులో, వంటమనిషికి కూడా అర్థమయ్యేలా.

ఇక్కడ అందరూ చేసే తప్పు: మీటింగు అయ్యాక ఖాళీ మినిట్స్ పేజీ కింద సంతకం పెట్టేసి రావడం. "రాసుకుంటాం సార్" అంటారు. బ్యాంకులో ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టని మనిషి ఇక్కడెందుకు పెట్టాలి? చదివి, చివరి లైను కింద గీత కొట్టి, అప్పుడు పెట్టండి.

4. పిల్లలు ఎలా వచ్చారో ఫైళ్లు తీయించండి

హోమ్‌లో ఉన్న ప్రతి బిడ్డకూ సీడబ్ల్యూసీ ఆర్డరు కాపీ ఉండాలి. సంరక్షణ అవసరమైన బిడ్డను ప్రయాణం పోను 24 గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలి. చాలా హోమ్‌లలో జరిగేది వేరు. "మన ఊరి పిల్లే సార్, తండ్రి పోయాడు, తల్లి కూలికెళ్తుంది, తెచ్చి వదిలింది." జాలిగానే ఉంటుంది. కానీ ఆర్డరు లేకుండా ఉంచుకున్న బిడ్డకు ఏదైనా అయితే ఆ బిడ్డ మీ దగ్గర ఎందుకుందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

అలాంటి ఫైళ్లు కనిపిస్తే దాచకండి. జాబితా రాసి, మీరే డీసీపీఓ దగ్గరికి వెళ్లి, వరసగా కమిటీ ముందు పెట్టించండి. టెన్షన్ పడతారు సిబ్బంది. తనిఖీలో దొరకడం కంటే మనమే వెళ్లి చెప్పుకోవడం వెయ్యి రెట్లు నయం.

ఇదే చోట ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ బిడ్డ అసలు హోమ్‌లో ఉండాలా? మన హోమ్‌లలో 'అనాథ' అని బోర్డు రాసుకున్నా చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద అర్హులైన కుటుంబాలకు బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ తల్లికి దరఖాస్తు పెట్టించి, బిడ్డను ఇంటి దగ్గరి బడిలో చేర్పిస్తే హోమ్ అక్కర్లేకపోవచ్చు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో బ్రిడ్జి క్యాంపులు, అంటే బడికి సిద్ధం చేసే శిబిరాలు పెట్టి, పనిలో ఉన్న పిల్లల్ని తిరిగి మామూలు బడికే పంపింది. నా మట్టుకు నాకు, పిల్లల సంఖ్య తగ్గిన హోమే బాగా నడుస్తున్న హోమ్. దాతలకు ఈ మాట నచ్చదు.

తెలంగాణలో ఉంటే ఒక ముందుజాగ్రత్త: తప్పిపోయిన, పనిలో ఉన్న పిల్లల్ని వెతికి తెచ్చేందుకు పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ నడుపుతారు. ఆ నెలల్లో ఒక్కసారిగా పిల్లలు రావచ్చు. బీహారు నుంచో మరో రాష్ట్రం నుంచో వచ్చి గాజుల పనిలో దొరికిన పిల్లాడికి తెలుగు రాదు. హిందీ వచ్చిన మనిషి, అదనపు దుప్పట్లు డిసెంబరులోనే చూసుకోండి.

పండగలకు ఇంటికి పంపేటప్పుడు కూడా అనుమతి కాగితం ఉండాలి. సంక్రాంతికి మేనమామ వచ్చి తీసుకెళ్తానంటే ఫోన్‌లో సరే అనేయకండి.

ఇంకొకటి. ప్రెసిడెంటు అయిన నెలలోపే మీ చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతారు: "మీ హోమ్‌లో చిన్నపాప ఎవరైనా ఉంటే మా అక్కకు ఇప్పించకూడదూ?" దత్తత కారా, అంటే కేంద్ర దత్తత సంస్థ పోర్టల్ ద్వారానే జరగాలి. ఆ లైన్ దాటించే శక్తి మీకు లేదు, ఉండకూడదు. బయట దారిలో బిడ్డను ఇస్తే అది నేరం. పోర్టల్‌లో నమోదు చేసుకోమని చెప్పి మాట మార్చేయండి.

5. సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్

పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం) నియమాలు, 2020 ప్రకారం పిల్లలతో మసిలే సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి, అదీ మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ. అందరూ వార్డెన్‌కు చేయించి ఊరుకుంటారు. డ్రైవరు, వాచ్‌మన్, ఆదివారం వచ్చి ట్యూషన్ చెప్పే కాలేజీ కుర్రాడు, మీ కార్యవర్గ సభ్యులు, మీరు? అందరికీ చేయించండి. మొదటి దరఖాస్తు మీదే పెట్టండి. ప్రెసిడెంటే పెట్టాక "నన్నే అనుమానిస్తారా" అనే మాట ఎవరి నోటా రాదు.

పాత యజమానికి ఫోన్ చేసి అడగడం మరవొద్దు. "పిల్లలున్న చోట మళ్లీ ఈయన్ని పెట్టుకుంటారా?" అని సూటిగా అడగండి. అవతలివాళ్లు ఒక్క క్షణం ఆగితే ఆ ఆగడాన్ని మీ నోటుబుక్కులో రాసుకోండి.

6. పిల్లలు చెప్పుకునే దారి

ప్రతి హోమ్‌లో సలహాల పెట్టె ఉండాలి. ఆఫీసు గది పక్కన కాదు, పిల్లలు పడుకునే గదుల వైపు ఉండాలి. తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటే ఆ పెట్టె ఉన్నా లేనట్టే. నియమాల ప్రకారం అది హోమ్ మేనేజ్‌మెంట్ కమిటీ ఛైర్‌పర్సన్ దగ్గర ఉండాలి, వారానికోసారి బాలల కమిటీ (హోమ్ పిల్లలే ఉండే కమిటీ) సభ్యుల ఎదుట తెరవాలి. ఆ మేనేజ్‌మెంట్ కమిటీ వేరు, మీ కార్యవర్గం వేరు. అది నెలనెలా కూర్చుంటోందో లేదో మీరు అడగాలి.

పెట్టెలో ఏమీ రావడం లేదంటే అంతా బాగుందని కాదు. మా దగ్గర మొదటి ఐదు నెలలు ఒక్క చీటీ రాలేదు. ఆరో నెలలో వచ్చింది: "ఆదివారం గుడ్డు సగమే ఇస్తున్నారు." మరుసటి ఆదివారం నుంచి ప్రతి కంచంలో నిండు గుడ్డు పెట్టించాం. ఆ తర్వాత వారం ఏడు చీటీలు వచ్చాయి. గుడ్డు సంగతి పట్టించుకుంటారని తెలిశాకే పిల్లలు మిగతావి రాశారు.

7. ఫిర్యాదు వచ్చిన రోజు

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది దీని గురించే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

ఒక పాప ఆయాతో అంది: "ఆ అన్న మళ్లీ రాత్రి వచ్చిండు." ఆయా సూపరింటెండెంటుకు చెప్పింది, ఆవిడ మీకు ఫోన్ చేసింది. అప్పుడు సాయంత్రం ఆరు.

మొదట, ఆ 'అన్న' ఎవరో వెంటనే పిల్లల దగ్గరి నుంచి దూరంగా ఉంచాలి. సెలవులో పంపండి. ఇంటికి పంపడమంటే ఉద్యోగం తీసేసి పంపడం కాదు. తీసేస్తే ఊరు విడిచిపోతాడు.

రెండు, పాప చెప్పిన మాటను చెప్పినట్టే రాయించండి. "లైంగిక వేధింపులకు గురైనట్లు తెలిపింది" అని మనం భాష మార్చొద్దు. "అన్న మళ్లీ రాత్రి వచ్చిండు" అంటే అదే రాయాలి. ఎన్నింటికి, ఎవరితో, ఎక్కడ కూర్చుని చెప్పిందో పక్కన రాసి, విన్న మనిషి సంతకం.

మూడు, పాపను మళ్లీ మళ్లీ అడగొద్దు. ఆయా ఒకసారి, వార్డెన్ ఒకసారి, మీరు ఒకసారి, మీ కోశాధికారి భార్య ఒకసారి అడిగితే నాలుగోసారికి పాప "ఏం లేదు" అంటుంది. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అదే ప్రమాదం. మీరు అనాల్సినవి: "చెప్పి మంచిపని చేశావమ్మా. ఇందులో నీ తప్పేం లేదు." ఇక చాలు. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాటివ్వకండి, ఎందుకంటే చెప్పాలి.

నాలుగు, పోలీసులకు చెప్పాలి. పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీస్ విభాగానికో చెప్పి తీరాలి. నిజమో కాదో తేల్చడం మీ పని కాదు. చెప్పకపోతే ఎవరికైనా ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకుండా ఉంటే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చిన వాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. ఆరు గంటలకు మీకు తెలిసిందంటే రాత్రి భోజనాల లోపే స్టేషన్‌కు చేరాలి. "రేపు కార్యవర్గం పిలిచి నిర్ణయిద్దాం" అనే మాట వద్దు. దీనికి తీర్మానం అక్కర్లేదు.

ఐదు, దెబ్బలు గానీ నొప్పి గానీ ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే చూస్తామని డాక్టరు అనకూడదు. స్నానం చేయించి, బట్టలు ఉతికి తీసుకెళ్లడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ అది చేయొద్దు. ఆ బట్టలను కాగితపు కవర్లో పెట్టి పోలీసులకివ్వండి.

ఆరు, స్టేషన్‌లో మీరు గుర్తుచేయాల్సినవి: పాప వాంగ్మూలాన్ని తను ఉంటున్న చోటో తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో పోలీసులే సీడబ్ల్యూసీకి తెలియజేయాలి. మీరూ ఒక కాపీ కమిటీకి పంపి, రసీదు తీసుకోండి.

ఇక ఆ రాత్రి మీకు వచ్చే ఫోన్ల సంగతి. కులపెద్ద చేస్తాడు, వార్డు నాయకుడు చేస్తాడు, మీ వియ్యంకుడు కూడా చేయవచ్చు. "సంస్థ పేరు పోతుంది, ఆడపిల్ల జీవితం, కూర్చుని మాట్లాడుకుందాం." ఇలాంటి కేసులో పంచాయితీ లేదు, రాజీ లేదు. నేను అందరికీ ఒకే జవాబు చెప్పేవాణ్ని: "ఇప్పటికే స్టేషన్‌లో ఇచ్చేశానండీ." ఆ మాటతో సగం ఫోన్లు ఆగిపోతాయి. అందుకే ముందు స్టేషన్, తర్వాతే ఫోన్లు ఎత్తడం.

కొట్టడం, తిండి మానిపించడం లాంటివి పోక్సో కిందకు రావు గానీ అవీ నేరాలే. "క్రమశిక్షణ కోసం రెండు తగిలించాడు సార్" అన్నదానికి హోమ్‌లలో చోటు లేదు. రాసి డీసీపీఓకు, సీడబ్ల్యూసీకి పంపండి.

8. పుట్టినరోజులు, ఫోటోలు

మన దగ్గర ఇదొక ఆనవాయితీ. ఎవరింట్లో పుట్టినరోజైనా, పెద్దవాళ్ల సంవత్సరీకమైనా హోమ్‌కు బిర్యానీ పట్టుకుని వస్తారు. మంచి మనసే. కానీ పిల్లల్ని వరసగా నిలబెట్టి, తెలియని పిల్లాడి బర్త్‌డేకి పాట పాడించి, కేకు ముక్క నోట్లో పెడుతూ ఫోటో తీసి, అరగంటలో ఫేస్‌బుక్‌లో పెడతారు. పక్కనే సంస్థ పేరు, ఊరు.

ఇది చట్టవిరుద్ధం. సంరక్షణలో ఉన్న బిడ్డ పేరు, బడి, ఫోటో, గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ పోస్టు చూసి, బిడ్డ ఎవరి నుంచి పారిపోయి వచ్చిందో వాళ్లే గేటు ముందు దిగే ప్రమాదం అంతకన్నా పెద్దది.

ఏం చేయాలంటే, గేటు దగ్గర ఒక బుట్ట పెట్టండి. ఫోన్లు అందులో. దాతకు ఫోటో కావాలంటే వంటగదిలో వండిన గుండిగ పక్కన, లేదా రసీదు తీసుకుంటూ మీతో. కొందరు అలిగి వెళ్లిపోతారు. మాకు మొదటి ఏడాది అన్నదానాలు తగ్గాయి, రెండో ఏడాది మళ్లీ సర్దుకున్నాయి. పాటలు పాడించడం మాత్రం మొదటి వారంలోనే ఆపించండి.

9. డబ్బు

నా పాత వృత్తి కాబట్టి దీని మీద పుస్తకం రాయగలను, కానీ మీకు కావలసింది కొంతే.

నగదు వద్దు. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు 80జీ మినహాయింపు రాదు, ఆ మాట చెబితే వాళ్లే ఆన్‌లైన్‌లో వేస్తారు. ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటు మీ ఫోన్‌కే వచ్చేలా చేయండి, కోశాధికారి ప్రింటు తీసి తెచ్చేదాకా ఆగకండి. వోచర్లలో ఏవైనా ఐదు తీసి, ఆ దుకాణానికి ఫోన్ చేసి అడగండి.

అమెరికా డబ్బు దగ్గర అందరూ పడిపోతారు. మీ అన్నగారబ్బాయి డాలస్‌లో ఉన్నాడు, లక్ష రూపాయలు పంపుతానన్నాడు. అతని చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే, అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) తిరుగుతున్నాడా? అదే మనిషి, అదే లక్ష, ఇప్పుడది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా తీసుకుంటే నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నా 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ సంసద్ మార్గ్ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందులో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి ప్రవాస దాతల దగ్గర రసీదు రాసే ముందు పాస్‌పోర్టు కాపీ అడగండి. మొహమాటపడకండి.

మూడో నెలలో ఒకసారి ఇలా చూసుకోండి

ఒక ఆదివారం కూర్చుని మీకు మీరే జవాబులు చెప్పుకోండి. చూడకుండా చెప్పాలి.

- ఈ రోజు హోమ్‌లో ఎంతమంది పిల్లలు? ఆర్డరు లేని వాళ్లెందరు?
- హోమ్ రిజిస్ట్రేషన్ గడువు ఏ నెలలో ముగుస్తుంది?
- వెరిఫికేషన్ కాని సిబ్బంది ఎవరు?
- గత నెల సలహాల పెట్టెలో ఏం వచ్చింది, దానికి ఏం చేశారు?
- ఖాతాలో ఉన్న డబ్బుతో ఎన్ని నెలల బియ్యం, జీతాలు గడుస్తాయి?

తర్వాత వంటమనిషిని అడగండి: "పిల్లలెవరైనా నీకొచ్చి ఏదైనా చెప్పారనుకో, ఏం చేస్తావు?" ఆమె గోడ మీది కాగితం వైపు చెయ్యి చూపితే మీ ఒక పేజీ పనిచేస్తోంది. "మేడమ్‌కి చెప్తా సార్" అంటే, "మేడమ్ మీదే చెబితే?" అని అడగండి. అక్కడ తడబడితే ఆ పేజీ మళ్లీ రాయాలి.

10. దిగిపోయేటప్పుడు

బైలాస్‌లో పదవీకాలం ఎంతుంటే అంతే. "మీరే ఉండాలి సార్" అన్నా రెండు టర్ముల కంటే ఉండకండి. రాజీనామా నోటిమాటతో సరిపోదు. మీటింగులో ఆమోదించి, మినిట్స్‌లో రాసి, కొత్త కార్యవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు కావాలి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే ఆ మార్పు కేంద్ర హోం శాఖకు ఆన్‌లైన్‌లో తెలపాలి. దాఖలు చేసిన రసీదు కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

కొత్తగా వచ్చే వాళ్లను వెంటబెట్టుకుని డీసీపీఓ ఆఫీసుకు, సీడబ్ల్యూసీకి, స్టేషన్‌కు ఒకసారి వెళ్లి పరిచయం చేయండి. నడుస్తున్న కేసులు ఏవైనా ఉంటే సాక్షిగా మీరే వెళ్లాలి, పదవి పోయినా అది పోదు. తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి.

చివరగా బ్యాంకుకు మీరే వెళ్లండి. సంతకందారుల జాబితాలో మీ పేరు తీసేశారో లేదో కౌంటర్లో అడిగి కాగితం తీసుకోండి. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి కూడా ఆ ఒక్కటి కొత్త కార్యదర్శికి వదిలేశాను. పద్నాలుగు నెలల తర్వాత ఏదో చెక్కు క్లియర్ చేయమంటారా అని నాకు ఫోన్ వచ్చింది.